నలుపు కింద పదకొండు నిమిషాలు

అంతగా ద్వేషించినవాడు తీరా గుమ్మం దగ్గరికి వచ్చాక ఎలా పొరబడతాడు?

ఈ ప్రశ్న నాకు నేను వేసుకుంటూ ఆ సందు మొదట్లో చాలాసేపు నిలబడ్డాను. ద్వేషానికి జ్ఞాపకశక్తి ఎక్కువ. ప్రేమించినవాడైనా మరిచిపోతాడేమో గాని, ద్వేషించినవాడు శత్రువు గుమ్మం రంగు మరిచిపోడు. అలాంటివాడు డబ్బాతో కిరసనాయిలు మోసుకొచ్చి, తగలబెట్టవలసిన ఇంటిని వదిలి మరొకరి ఇంటిని తగలబెట్టాడంటే, అతని దగ్గర ద్వేషం ఉంది గాని చిరునామా లేదన్నమాట.

కాలిన తలుపు దర్జీది. పెద్ద రోడ్డు మీంచి సందులోకి తిరిగే మలుపులో మొదటి ఇల్లు. నిన్న తెల్లవారుజామున మంట లేచింది. లోపల ఒంటరిగా పడుకున్న ముసలి దర్జీ మండుతున్న తలుపును అరచేతులతో తోసుకుని బయటపడ్డాడు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. మళ్లీ సూది పట్టుకోగలడో లేదో డాక్టర్లు చెప్పడం లేదు.

తలుపు పక్కన గోడ మీద ఎర్ర రంగుతో రాసిన మాటలకూ దర్జీకీ ఏ సంబంధమూ లేదు. "నర్సూ, పదకొండు నిమిషాలు." అంతే రాసి ఉంది.

నర్సు ఉండేది అదే సందులో, లోపల నాలుగో ఇంట్లో. ఆమె పని అంబులెన్సులో. మూడు వారాల కిందట ఆ అంబులెన్సులో ఒక యువకుడు గుండె ఆగి ఆస్పత్రి చేరకముందే పోయాడు. అగ్గి పెట్టిన నేరానికి పోలీసులు పట్టుకున్నది ఆ అంబులెన్సు డ్రైవర్ని. అసలు దోషిని కనిపెట్టి అతన్ని విడిపించడానికి ఉద్యోగుల సంఘం నన్ను పెట్టుకుంది.

వంగి చూశాను. దర్జీ గుమ్మానికి ఎదురుగా, రోడ్డు అంచున, నల్లటి నూనె మరకలు. ఒకదాని మీద ఒకటి పడి, ఏదో బండి ప్రతిరోజూ వచ్చి అక్కడే ఆగినట్టు. సందులోకి వెళ్లి చేతులు చాపాను. రెండు గోడలూ దాదాపు వేళ్లకు తగిలాయి.

"ఆ మరకలా బాబూ?" అంది వెనక నుంచి ఒక పెద్దావిడ. నర్సు అత్తగారు. భుజాన తడి తువ్వాలు, చేతిలో చీపురు. దర్జీ గుమ్మం ముందు పడిన బూడిద ఊడుస్తోంది. "అవి మా కోడలి బండివి. డ్యూటీ దిగాక ఇక్కడే దింపిపోతారు. ఆ వేళకి బస్సులుండవుగా. సందులోకి బండి పట్టదు, అందుకని ఇక్కడినుంచి నడిచొస్తుంది."

"రోజూ ఇక్కడేనా అమ్మా?"

"వేరే చోటెక్కడుంది? ఇటు కదిపితే కాలవ, అటు కదిపితే స్తంభం."

ఇంతలో జీపు ఆగింది.

"ఏం మాస్టారూ, వేదాంతం ఎందాకా వచ్చింది?"

ఇన్‌స్పెక్టరు. నేను పుస్తకాలు చదువుతానని ఎవరో చెప్పిన రోజునుంచీ నన్ను మాస్టారని పిలుస్తాడు. స్టేషన్లో అతని వెనకాల అందరూ అతన్ని ఇస్త్రీ అంటారు. చొక్కా మీద ముడత పడనివ్వడు. మెదడు మీద కూడా పడనివ్వలేదని నా అభిప్రాయం.

"తలుపు దాకా వచ్చింది," అన్నాను. "మీది?"

"మాది అయిపోయింది. ముద్దాయి లోపలున్నాడు. ఆ కుర్రాడు పోయిన రోజు డ్రైవరూ నర్సూ ఆస్పత్రి ఆవరణలో పోట్లాడుకున్నారు. పదిమంది చూశారు. ఎందుకురా పోట్లాట అంటే నోరు విప్పడు. నోరు విప్పనివాడి కడుపులో ఏదో ఉన్నట్టేగా?"

"రోగి సంగతి బయట చెప్పకూడదని వాళ్ల నియమం. నాతోనూ అదే అన్నాడు."

"పోలీసులకి నియమాలు చెబుతాడా వాడు?"

"ఇదివరకు ఎవరూ చెప్పినట్టు లేరు. అందుకే మీకు కొత్తగా ఉంది."

అతను నవ్వలేదు. నేను గుమ్మం వైపు చూపించాను. "డ్రైవరు ఆమెను రోజూ దింపుతాడు. ఆమె ఏ ఇంట్లోకి వెళ్తుందో అతనికి తెలియదా?"

"తెలియకపోవడమేంటి?" అంది అత్తగారు ఊడవడం ఆపకుండానే. "నాకు జ్వరమొస్తే మందులు పట్టుకుని వంటింటిదాకా వచ్చాడు. కుర్చీ కాలు ఊగుతోందని మేకు కూడా కొట్టిపోయాడు."

"విన్నారుగా. మేకు కొట్టిన ఇల్లు వదిలి దర్జీ తలుపెందుకు కాలుస్తాడు?"

"తెలిసినవాడి పని కాదని మీలాంటివాళ్లు అనుకోవాలని."

"అంటే నాలుగో ఇల్లు కాలిస్తే తెలిసి కాల్చాడంటారు. మొదటి ఇల్లు కాలిస్తే తెలివిగా కాల్చాడంటారు. ఏదీ కాల్చకపోయి ఉంటే ఏమనేవారు?"

"కాల్చబోతున్నాడనేవాణ్ణి."

ఈసారి అతనే నవ్వాడు. తన మూర్ఖత్వాన్ని తానే చమత్కారంగా మార్చుకోగలిగినవాడితో వాదించడం కష్టం. నేను గోడ చూపించాను.

"ఈ పదకొండు నిమిషాలేమిటి?"

"అదా? అగ్గి పెట్టాక తలుపు కూలడానికి పట్టిన టైము. గొప్ప చెప్పుకుంటున్నాడు వెధవ."

వేలితో గోడ మీది మసి కొంచెం తుడిచాను. మసి పోయింది, కింద ఎర్ర రంగు చెక్కుచెదరకుండా ఉంది. "రంగు కింద, మసి పైన. రాసింది ముందు, కాల్చింది తర్వాత. కాల్చకముందే తలుపు ఎంతసేపు కాలుతుందో తెలుసుకున్నాడంటారా?"

ఇన్‌స్పెక్టరు నా వేలి వైపు చూసి, తన చొక్కా చేతికి మసి అంటిందేమోనని చూసుకున్నాడు.

"మీరు మరకలు లెక్కపెట్టుకోండి మాస్టారూ. నేను నిన్న మధ్యాహ్నానికే కేసు కట్టాను. సాయంత్రానికి కాగితాలన్నీ వెబ్‌సైట్లో పెట్టించాను. ఎవరైనా చూసుకోవచ్చు. పై అధికారి స్వయంగా ఫోన్ చేసి మెచ్చుకున్నారు. మా దగ్గర దాపరికాలుండవు."

"నర్సు ఇంటికి కాపలా పెట్టారా?"

"ముద్దాయి లోపలుంటే కాపలా ఎవరి నుంచి?"

జీపు వెళ్లిపోయింది. అత్తగారు దాని వైపే కాసేపు చూసింది.

"చొక్కా మాత్రం బాగా ఉతుకుతారు బాబూ ఆయనకి."

నేను మళ్లీ నా ప్రశ్న దగ్గరికి వెళ్లాను. అంబులెన్సు ఆగే చోటు తెలిసి, నర్సు ఉండే ఇల్లు తెలియనివాడు ఎవడు? ఇరుగుపొరుగుకు రెండూ తెలుసు. తోటి ఉద్యోగులకు రెండూ తెలుసు. వెంటబడి కాపు కాసినవాడు ఆమె సందులోకి నడవడం చూసేవాడు. మిగిలింది ఒక్కడే. ఆ చోటును ఎన్నడూ చూడకుండానే తెలుసుకున్నవాడు. చూడకుండా తెలుసుకోవడమంటే చదివి తెలుసుకోవడం.

ఎక్కడ చదివి ఉంటాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు.

*

అంబులెన్సులను నడిపే శాఖకు ఒక సమాచార అధికారి ఉన్నాడు. ప్రజలు రాతపూర్వకంగా అడిగిన కాగితాలు ఇవ్వడం ఆయన పని. ఇవ్వకూడని భాగాలను నల్ల సిరాతో కొట్టివేయడం కూడా ఆయన పనే. బల్ల మీద గ్లాసులో నల్ల పెన్నులు పువ్వుల్లా నిలబెట్టి ఉన్నాయి. కుడిచేతి చూపుడువేలు గోరు దాకా నల్లబడి ఉంది.

"పోయిన కుర్రాడి తరఫున ఎవరైనా కాగితాలు అడిగారా?" అన్నాను.

"వాళ్లన్నయ్య అడిగాడు. ఇచ్చాం. పోయిన వారమే."

"ఏమడిగాడు?"

"బండి ఎందుకు ఆలస్యమైందో చెప్పమన్నాడు."

"న్యాయమైన ప్రశ్న."

"న్యాయమైనదే సార్. అందుకే వెంటనే ఇచ్చాం. మీరూ చూడొచ్చు. ఒకరికి ఇచ్చింది అందరికీ ఇచ్చినట్టే." దస్త్రం తీసి నా ముందు పెట్టాడు. ఆ గొంతులో దానం చేస్తున్న మనిషి తృప్తి ఉంది.

ప్రతి అంబులెన్సులోనూ ఒక యంత్రం ఉంటుంది. బండి ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో నమోదు చేస్తుంది. ఆ కాగితాలవి. పేజీ పేజీకీ నల్లటి పట్టీలు.

"పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు, అన్నీ కొట్టేశాం," అన్నాడు. "వేరేవాళ్లకి అప్పగించను. నేనే స్వయంగా కొడతాను. వెలుతురుకి పెట్టి చూడండి, ఒక్క అక్షరం కనబడితే నన్నడగండి."

"అతనడిగింది ఒక్కరోజు సంగతి. ఇది నెలంతా ఉంది."

"యంత్రం నెలకొకసారి అచ్చేస్తుంది సార్. విడదీయడం పెద్ద పని. అడిగినదానికన్నా ఎక్కువిచ్చారని ఎవరైనా ఫిర్యాదు చేస్తారా?"

"దర్జీ చేస్తాడేమో. చేతులు బాగుపడ్డాక."

ఆయనకు అర్థం కాలేదు. నేను కాగితాన్ని ఆయన వైపు తిప్పాను.

"ఈ రోజు చివర్లో బండి ఎక్కడ ఆగింది? చదవండి."

పెద్ద రోడ్డు పేరు, మలుపు పేరు చదివాడు.

"మర్నాడు?"

"అదే."

"దాని మర్నాడు?"

"అదే సార్." గొంతు కొంచెం తగ్గింది.

"అక్కడ ఆస్పత్రి ఉందా?"

"లేదు."

"ప్రతిరోజూ అదే వేళకి అదే చోట ఎవరికైనా ప్రాణం మీదికి వస్తుందా?"

"ఎందుకొస్తుంది?"

"మరి బండి అక్కడెందుకు ఆగుతోంది?"

ఆయన నల్లటి వేలు పేజీ మీద కదలకుండా నిలిచిపోయింది. సమాధానం ఆయనకు తెలుసు. సిబ్బందిని ఇళ్ల దగ్గర దింపాలన్న ఏర్పాటు ఆయన శాఖే చేసింది.

"చట్టం చిరునామా ఇవ్వొద్దంది," అన్నాడు చివరికి. "నేనివ్వలేదు. బండి ఆగిన చోటు చిరునామా కాదు సార్."

"కాదు. అందుకే మనిషి తప్పించుకుంది, తలుపు కాలింది. మీరు ఆమె పేరు దాచి వీధి చూపించారు. పేరుతో అతనికి ఏం పని?"

ఒక మనిషి తన కర్తవ్యాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించి, అర్థం మొత్తాన్ని పారబోయడం నేను చాలాసార్లు చూశాను. ప్రతిసారీ అతని ముఖం మీద ఇదే ప్రశాంతత. చెడ్డవాడికైనా రాత్రి పూట నిద్ర పట్టకపోవచ్చు. ఇతనికి పడుతుంది.

పేజీలు తిప్పుతూ కుర్రాడు పోయిన రోజు దగ్గర ఆగాను. బండి బయలుదేరింది. రోగి ఉన్న వీధికి కొద్ది దూరంలో ఆగింది. అక్కడ పదకొండు నిమిషాలు కదలలేదు. ఆ పక్కన, కారణం రాసే చోట, ఈ చివర నుంచి ఆ చివరకు నల్ల పట్టీ.

గోడ మీది మాటలు ఎక్కడినుంచి వచ్చాయో తెలిసింది. చావుబతుకుల మధ్య ఉన్న మనిషికి కూతవేటు దూరంలో అంబులెన్సు పదకొండు నిమిషాలు ఊరికే నిలబడింది. ఎందుకో చెప్పకుండా ప్రభుత్వం నల్లరంగు పూసింది. ఈ కాగితం చదివిన అన్నయ్య ఏమనుకుంటాడు? టీ తాగుతున్నారనుకుంటాడు. కబుర్లాడుకుంటున్నారనుకుంటాడు. తన తమ్ముడు ఆ పదకొండు నిమిషాలూ ఒంటరిగా నేల మీద పడి ఉన్నాడనుకుంటాడు.

"దీని కింద ఏముంది?"

"కారణం. డ్రైవరు రాశాడు. అందులో నర్సు పేరుంది, అందుకని కొట్టేశాను."

"పేరొక్కటే కొట్టేస్తే సరిపోయేదిగా?"

"మధ్యలో ముక్కలు ముక్కలుగా కొడితే చూడ్డానికి బాగుండదు సార్. గీత నీటుగా రావాలంటే మొత్తం లాగెయ్యాలి."

దస్త్రం మూసి ఆయన వైపు తోశాను. మాట్లాడి ఉంటే మర్యాద మిగిలేది కాదు.

"అసలు కాగితం చూపించండి."

"అది ఇవ్వకూడదు."

"ఇవ్వొద్దు, చూపించండి. లేకపోతే ఈ దస్త్రం పట్టుకుని పత్రికలవాళ్ల దగ్గరికి వెళ్తాను. అందరికీ ఇచ్చినదేగా. దర్జీ చేతులెలా కాలాయో పేజీ నంబరుతో సహా వివరిస్తాను."

అల్మరా తెరిచాడు. డ్రైవరు రాత చిన్నపిల్లల రాతలా పెద్దగా, స్పష్టంగా ఉంది.

"లారీ బోల్తా పడి దారి మూసుకుపోయింది. బండి ముందుకూ వెనక్కూ కదలదు. నర్సు సంచీ, ఆక్సిజనూ మోసుకుని ఒక్కతే పరిగెత్తి రోగి దగ్గరికి వెళ్లింది. ఒంటరిగా వెళ్లొద్దన్నాను, వినలేదు. దారి దొరికి నేను చేరేసరికి రోగి తల ఒళ్లో పెట్టుకుని ఊపిరి అందిస్తోంది."

నర్సు అన్న మాట దగ్గర ఆమె పేరు ఉంది. అది నేను ఇక్కడ రాయను.

డ్రైవరు లాకప్‌లో ఏం దాస్తున్నాడో కూడా ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది. వద్దన్నా పరిగెత్తినందుకే ఆరోజు ఆమె మీద అరిచాడు. రోగి సంగతి చెప్పకూడదు గనక పోలీసులకు చెప్పలేదు. చెప్పకూడనిది చెప్పనందుకు అతను జైల్లో ఉన్నాడు. చెప్పకూడనిది చెప్పిన ఈయన పంకా కింద ఉన్నాడు. అన్నయ్య అడిగింది నిజం, వీళ్లిచ్చింది ఇల్లు. నిజానికి మాత్రం నల్లరంగు.

"ఈ వాక్యాలు, పేరు తీసేసి, అతనికి ఈరోజే పంపించండి."

"కొత్త దరఖాస్తు పెట్టుకోమనండి సార్. పద్ధతి ఉంటుందిగా. అయినా పాపం చాలా మర్యాదస్తుడు. ఈ ఉదయం కూడా వచ్చాడు."

నేను లేవబోతున్నవాణ్ణి ఆగాను. "ఎందుకు?"

"ఆ తలుపు కేసు కాగితం కావాలన్నాడు. అది పోలీసు శాఖది, మా దగ్గరుండదన్నాను. కాని వెబ్‌సైట్లో అందరికీ ఉంటుందిగా. నేనే తెరిచి, అచ్చు తీసి ఇచ్చాను. థ్యాంక్స్ చెప్పి వెళ్లాడు."

"నాకూ తెరవండి."

తెరిచాడు. దర్జీ చేతులు సంతకం పెట్టే స్థితిలో లేవు గనక ఫిర్యాదు నర్సు ఇచ్చింది. ఆమె పేరు, దాని కింద నివాసం: మలుపు నుంచి సందులోపలికి ఎడమచేతి వైపు నాలుగో ఇల్లు, ఆకుపచ్చ ఇనుప గేటు, పైన నీలం నీళ్ల ట్యాంకు. ఇస్త్రీ మహాశయుడు స్వయంగా రాసిన వాక్యం. పెళ్లి పత్రికలో కూడా దారి ఇంత శ్రద్ధగా ఎవరూ రాయరు.

అక్కడి నుంచే ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. వెంటనే ఆ కాగితం తీసేయమన్నాను.

"పెట్టడానికి నా సంతకం చాలు, తియ్యడానికి పై సంతకం కావాలి," అన్నాడు.

"గోప్యం అని ఒక గడి ఉంది ఆ కాగితం మీద. అందులో టిక్కు పెట్టి ఉంటే ఇది బయటికి వచ్చేదే కాదు."

"అది మనుషుల కేసులకి మాస్టారూ. ఇది తలుపు కేసు."

"కనీసం ఒక కానిస్టేబుల్‌ని పంపించండి."

"మీ వేదాంతం నమ్మి పంపితే, నా ముద్దాయి కాదని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. రేపు పొద్దున చూద్దాం."

ఫోన్ పెట్టేశాడు. సమాచార అధికారి ఇదంతా విని, ఏమీ విననట్టు, ఒక పెన్ను మూత తీసి కొత్త దస్త్రం ముందు వేసుకున్నాడు.

కాగితం ఆయన దగ్గరే వదిలేశాను. డ్రైవరు వాక్యాలు మాత్రం, పేరు లేకుండా, రాసుకుని నాతో తెచ్చుకున్నాను.

*

ఆటోలో కూర్చున్నంతసేపూ ఆ ఇద్దరినీ మనసులో చీల్చి చెండాడాను. మలుపు దగ్గర దిగేటప్పుడు ఒక సంగతి తోచింది. చీత్కారం సుఖమైన భావం. ఎదుటివాణ్ణి నీచంగా చూస్తున్నంతసేపూ మనం ఏదో పని చేస్తున్నట్టే ఉంటుంది. నిజానికి ఆ సమయంలో మనమూ వాళ్లలాగే కుర్చీలో కూర్చునే ఉంటాం.

ఆకుపచ్చ గేటు తోసుకుని వెళ్లాను. అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"నువ్వు వెళ్లాక ఒకాయన వచ్చాడు బాబూ. శుభ్రమైన బట్టలు. చేతిలో మడతపెట్టిన కాగితం. నాలుగో ఇల్లు ఇదేనా అండీ అన్నాడు."

"మీరేమన్నారు?"

"మూడోదో అయిదోదో నేనెప్పుడూ లెక్కపెట్టలేదన్నాను. అవునని నేనెందుకంటాను? అతను గేటు చూశాడు, కాగితం చూశాడు, మళ్లీ తలెత్తి ట్యాంకు చూశాడు. పొద్దు వాలాక వస్తానండీ అని దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు. ఆ దణ్ణం నాకు నచ్చలేదు."

నర్సు లోపలినుంచి వచ్చింది. తలుపు కాలినప్పటినుంచీ సెలవు మీద ఉంది. భర్త వేరే ఊళ్లో పనిలో ఉన్నాడు, రేపటికి గాని రాలేడు. ఆమెకు జరిగిందంతా క్రమంగా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేది వినడం ఆమె వృత్తిలో భాగమనిపించింది.

"నేను ఆరోజే చెబుదామనుకున్నాను," అంది. "ఆస్పత్రి దగ్గర వాళ్లన్నయ్య నిలబడి ఉన్నాడు. ఏం జరిగిందండీ అని అడిగాడు. మా పై అధికారి, నువ్వు మాట్లాడకు, రాసి అడిగితే ఆఫీసు చెబుతుంది అన్నాడు. నోరు మూసుకున్నాను. రాసి అడిగాడు కదా మరి."

"ఇప్పుడు మీరిద్దరూ ఇక్కడ ఉండకూడదు."

"మా వాళ్లెవరూ దగ్గర్లో లేరు. హోటలుకెళ్తే అక్కడా పేరూ ఊరూ రాయించుకుంటారు," అని నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "ఎక్కడికెళ్లినా ఎవడో ఒకడు రాసుకుంటూనే ఉంటాడు."

"ఎవరూ రాసుకోని ఇల్లు ఒకటుంది. దర్జీది."

"కాలిన ఇంట్లోనా?" అంది అత్తగారు. "తలుపు కూడా లేదు దానికి. టార్పాలిన్ పట్టా కట్టారంతే."

"అతను రెండోసారి వెళ్లని ఇల్లు ఊరి మొత్తం మీద అదొక్కటే అమ్మా."

ఆవిడ ఆలోచించింది. "నా మందుల డబ్బా, కోడలి ఫోనూ. ఇంకేం తీసుకోను," అని లోపలికి వెళ్లింది.

నర్సు కదలలేదు. "నేనుంటాను. అతనితో నేనే మాట్లాడతాను."

"మీరు నోరు తెరిచేలోపు అతను చెయ్యదలచుకున్నది చేస్తాడు. మూడు వారాలుగా అతను మనసులో చూస్తున్నది మీ ముఖం."

"మీరు చెబితే నమ్ముతాడా?"

"నమ్మకపోవచ్చు. వింటాడేమో. అతను ఇంతవరకూ అడిగిందల్లా ఎవరో ఒకరు జవాబు చెప్పమనేగా."

ఆమె కాసేపు తన చేతుల వైపు చూసుకుంది.

"అయితే ఒక మాట చెప్పండి. అందరి ముందూ కాదు, అతనికే. ఇది ఆఫీసు కాగితాల్లో ఉండదు. నేను వెళ్లేసరికి ఆ అబ్బాయికి తెలివుంది. భయపడుతున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు, చివరిదాకా వదల్లేదు. వాళ్ల తమ్ముడు ఒంటరిగా పోలేదని చెప్పండి."

"రోగి సంగతి బయట చెప్పకూడదన్నది మీ నియమం."

"అన్నయ్య బయటివాడెలా అవుతాడండీ?" అంది.

సమాచార అధికారికి ఎన్ని నల్ల పెన్నులు ఉన్నా ఈ చిన్న తేడా తెలియలేదు. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు. ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుని సందు మొదటివైపు నడిచింది. పట్టా ఎత్తి ఇద్దరూ లోపలికి వెళ్లేదాకా చూశాను. తర్వాత ఇంట్లోకి వచ్చి తలుపు వేసి గడియ పెట్టాను. డ్రైవరు మేకు కొట్టిన కుర్చీ నా బరువుకు ఊగలేదు.

ఇన్‌స్పెక్టరుకు మళ్లీ ఫోన్ చేశాను. తీయలేదు.

పొద్దు వాలింది. కిటికీ సందులోంచి వచ్చే వెలుగు నేల మీంచి గోడకెక్కి పలచబడింది. గేటు చప్పుడైంది. తోసుకుని కాదు, పద్ధతిగా గడియ ఎత్తి, లోపలికి వచ్చి, మళ్లీ వేసిన చప్పుడు. అడుగులు అరుగు దాకా వచ్చి ఆగాయి. ఏదో బరువైన డబ్బా నేల మీద దించిన శబ్దం. ఆ తర్వాత తలుపు కిందనుంచి వాసన వచ్చింది. కిరసనాయిలు.

రెండు దారులు ఉన్నాయి. పెరటి వైపు నుంచి వెళ్లిపోవచ్చు. తలుపు కాలుతుంది, మనిషి దొరుకుతాడు, డ్రైవరు విడుదలవుతాడు, నన్ను పెట్టుకున్న పని పూర్తవుతుంది. ఇన్‌స్పెక్టరు కొత్త కాగితం రాసి రేపు సాయంత్రానికల్లా వెబ్‌సైట్లో పెడతాడు, ఈసారి అందులో అన్నయ్య ఇంటి గేటు రంగు ఉంటుంది. పదకొండు నిమిషాల మీది నలుపు అలాగే ఉంటుంది. బెయిలు మీద వచ్చిన రోజున అతను మళ్లీ ఇదే గేటు గడియ ఇంతే మర్యాదగా ఎత్తుతాడు.

మూసిన తలుపు అతన్ని ఆపదు. మూసిన తలుపును అతను ఇదివరకే ఒకటి కాల్చాడు. ఆఫీసులో ఒకటి, ఆస్పత్రి ఆవరణలో ఒకటి, అతని ముఖం మీద ఎన్ని తలుపులు పడ్డాయో ఈ రోజంతా చూశాను. తెరిచి ఉన్నదొక్కటీ అతనికి ఎదురుకాలేదు.

అవతల అగ్గిపెట్టె తెరిచిన చిన్న చప్పుడు.

లేచి గడియ తీశాను.

గుమ్మంలో అతను. నలగని బట్టలు, నిద్రలేని కళ్లు. ఒక చేతిలో అగ్గిపుల్ల, జేబులోంచి తొంగిచూస్తున్న ప్రభుత్వ కాగితం. నర్సు కోసం చూసిన కళ్లు నన్ను చూసి తడబడ్డాయి.

"లోపలికి రండి," అన్నాను. "ఆ పదకొండు నిమిషాలు నా దగ్గర ఉన్నాయి."